పాలేరు మళ్లీ రంగమెక్కితే

ఖమ్మంలో ‘పాలేరు’ అంటే ఎవరికైనా ముందు తోచేది సాగర్ ఎడమ కాలువ మీది జలాశయం, ఆ వెంటనే ఎన్నికల నియోజకవర్గం. ఆసామి ఇంట ఏడాది జీతానికి కుదిరిన మనిషి గుర్తుకు రాడు. ఇటువైపు అతన్ని జీతగాడు అన్నారు, గోదావరి దిగువన పాలేరు అన్నారు. ఆ మాటే పేరుగా బోయి భీమన్న రాసిన నాటకాన్ని ఈ అడవి అంచున మళ్లీ ఆడాలనుకుంటే చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది.

భీమన్న 1911లో కోనసీమలోని మామిడికుదురులో దళిత కుటుంబంలో పుట్టారు. మన రంగస్థలం మీద అప్పటికి రాజులదీ దేవుళ్లదీ పద్యాల హోరు. ‘కన్యాశుల్కం’ వచ్చి నడవాల్లోని సంసారాలను చూపించింది గానీ, పశువుల కొట్టం దాకా వెళ్లలేదు. స్వాతంత్ర్యానికి ముందే వచ్చిన ‘పాలేరు’ ఆ కొట్టంలో బతికేవాణ్ణి కథానాయకుణ్ణి చేసి, అతని చేతికి పలక ఇచ్చింది. ఆ నాటకం చూసి పిల్లల్ని జీతం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ వచ్చింది. దాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. భీమన్న చదువు అడిగితే వీళ్లు భూమి అడిగారు. పేదింటి నాటకానికి ఆనాడు ఏర్పడిన దారులు ఈ రెండూ.

ఈ రెండు దారులూ కలిసే చోటు భద్రాచలం. 1959 దాకా ఈ తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అంటే కోనసీమా, ఈ అడవీ ఒకే జిల్లా. ఆ ఏడాదే ఇది ఖమ్మంలో కలిసింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా చట్టం తెచ్చిందీ 1959లోనే. దాన్ని గట్టిపరిచిన 1970 సవరణనే ఇక్కడ అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు.

అదే 1959 మార్చిలో న్యూయార్క్‌లో లొరైన్ హాన్స్‌బెర్రీ ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ తెర లేచింది. బ్రాడ్‌వే మీద నల్లజాతి మహిళ రాసిన మొదటి నాటకం అది. షికాగోలో ఓ ఇరుకింటి కుటుంబం, తండ్రి పోతే వచ్చిన పదివేల డాలర్ల బీమా, ఆ డబ్బుతో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనాలన్న తల్లి పట్టుదల. వెలుతురు చాలని కిటికీలో ఆవిడ పెంచుకునే చిన్న మొక్క ఒకటుంటుంది, ఇల్లు విడిచేటప్పుడు దాన్నీ వెంట తీసుకెళుతుంది. 2004లో మళ్లీ ఆడినప్పుడు ఆ తల్లి పాత్రకు ఫిలీసియా రషాద్ టోనీ అవార్డు అందుకున్నారు. 2014 ప్రదర్శన పునఃప్రదర్శనల విభాగంలో టోనీ గెలిచింది. మొదటిసారి కోసేసిన సన్నివేశాల్లో కొన్నింటిని తర్వాతి ప్రదర్శనలు తిరిగి చేర్చాయి. ఆ ఇంటికి తర్వాత ఏమైందని అడుగుతూ ‘క్లైబోర్న్ పార్క్’ అనే మరో నాటకమే పుట్టింది.

మనకు పనికొచ్చే పాఠం ఇక్కడుంది. పాత నాటకాన్ని దులిపి అద్దాల బీరువాలో పెడితే దండలు పడతాయి, ప్రేక్షకులు రారు. అది అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్లలో ఏ జవాబు వచ్చిందో చూపించాలి. వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. జీతగాడి మనవడు డిగ్రీ చదివాడు. చదివితే బతుకు మారుతుందని పాత నాటకం మాటిచ్చింది. చదివాక ఉద్యోగం ఏదని కొత్త ప్రేక్షకుడు అడుగుతాడు. అలాగని కోయ ఇంటికి పాలేరు వేషం తగిలించకూడదు. అక్కడి కథ పోడుది, పట్టాది.

ఖమ్మం భక్త రామదాసు కళాక్షేత్రంలో ఆడితే సంభాషణలు ఈ నేల యాసలోకి రావాలి. ఆసామి అరుగు ముందు తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవాడు. అదే అరుగు ముందుకు మనవడు బండి మీద వచ్చి దిగుతాడు. కుర్చీ చూపిస్తారా, లేదా? ఆ ఒక్క క్షణం నటులు మాట్లాడకుండా నిలబడగలిగితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

పేరు మాత్రం మార్చొద్దు. పోస్టరు చూసి చెరువు కథేమో అనుకుని వచ్చినవాడికి లోపల వాళ్ల తాత కనబడతాడు.