ప్రభుత్వ కార్యాలయాలకు చిన్న మొత్తాల్లో అమ్మకాలు: రైతులు, ఎఫ్‌పీఓలు పాటించాల్సిన జాగ్రత్తలు

వర్మీకంపోస్టు, కూరగాయల నారు, పండ్ల మొక్కలు, పశుగ్రాసం, చిరుధాన్యాల పిండి వంటివి పరిశోధన సంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ప్రభుత్వ హాస్టళ్లు తరచూ కొంటుంటాయి. మొత్తం చిన్నదైతే టెండరు లేకుండానే కొనే వీలు నిబంధనల్లోనే ఉంది. రైతు సంఘాలకు ఇది మంచి అవకాశం. అయితే టెండరు లేదంటే కాగితం అక్కర్లేదని కాదు. నోటి మాట మీద సరుకు దింపి, తర్వాత బిల్లు కోసం నెలల తరబడి తిరిగే సంఘాలను క్షేత్రస్థాయిలో చూస్తూనే ఉన్నాం.

కొనుగోలు ఎలా జరుగుతుంది?

హైదరాబాద్‌లోని క్రీడా, పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వంటి కేంద్ర సంస్థలు 2017 సాధారణ ఆర్థిక నియమావళిని (జీఎఫ్‌ఆర్) అనుసరిస్తాయి. కావాల్సిన వస్తువు జెమ్ పోర్టల్‌లో ఉంటే అక్కడే కొనాలి. లేకపోతే విలువను బట్టి పద్ధతి మారుతుంది. 2017లో నియమావళి వచ్చినప్పటి పరిమితులు ఇవి:

• రూ.25,000 వరకు: కొటేషన్లు అక్కర్లేదు. నాణ్యత, సరఫరాదారు, ధర సరిగా ఉన్నాయని అధికారి స్వయంగా ధ్రువీకరిస్తే చాలు (154వ నిబంధన).
• రూ.25,000 నుంచి రూ.2.5 లక్షల వరకు: ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీ మార్కెట్లో ధర, నాణ్యత విచారించి సిఫారసు చేస్తుంది (155వ నిబంధన).
• ఆపైన రూ.25 లక్షల వరకు: ముగ్గురికి మించి సరఫరాదారులను ఎంచుకుని వారికే టెండరు పంపవచ్చు.
• ట్రాక్టరు అద్దె, పొలం పనుల వంటి సేవలు: రూ.10 లక్షల వరకు అర్హులైన వారిని గుర్తించి, వారి నుంచే ధరలు కోరవచ్చు.

ఈ పరిమితులను ప్రభుత్వం అప్పుడప్పుడు పెంచుతుంది. శాస్త్ర పరిశోధన సంస్థలకు ప్రత్యేకంగా ఎక్కువ పరిమితి ఇచ్చారు. రాష్ట్ర శాఖలకు, విశ్వవిద్యాలయాలకు సొంత నిబంధనలు ఉంటాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా అన్నీ ఒకే యాజమాన్యం కింద లేవు. కాబట్టి ఇప్పుడు ఏ పరిమితి అమల్లో ఉందో కొనే కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి.

ఈ రెండు పనులు చేయవద్దు

1. బిల్లు ముక్కలు చేయవద్దు. ఉదాహరణకు కార్యాలయానికి ఒకేసారి రూ.60,000 కంపోస్టు కావాలి. "రూ.20,000 చొప్పున మూడు బిల్లులు ఇవ్వండి, త్వరగా అయిపోతుంది" అని ఎవరైనా అడగవచ్చు. పైఅధికారి అనుమతి తప్పించుకోవడానికి అవసరాన్ని ఇలా విడగొట్టడాన్ని 157వ నిబంధన నిషేధిస్తోంది. ఆడిట్‌లో అభ్యంతరం వస్తే చెల్లింపు ఆగవచ్చు. అప్పటికి కంపోస్టు పొలంలో కలిసిపోయి ఉంటుంది, వెనక్కి తెచ్చుకోలేం. వేర్వేరు కాలాల్లో నిజంగా వచ్చే అవసరాలకు వేర్వేరు బిల్లులు ఇవ్వడంలో తప్పు లేదు.

2. ఖాళీ కొటేషన్ ఇవ్వవద్దు. సంఘం లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర వేసి ఇతరుల చేతికి ఇవ్వకండి. "మూడు కొటేషన్లు కావాలి, మిగతా రెండూ మీరే తెండి" అంటే ఒప్పుకోకండి. పోటీ ధరలు తెప్పించుకోవడం కొనేవారి బాధ్యత. దొంగ కొటేషన్ బయటపడితే సంఘం పేరు పోతుంది, కేసు కూడా కావచ్చు.

సరుకు పంపే ముందు

• సరుకు, పరిమాణం, ధర, గడువు, రవాణా ఖర్చు ఎవరిదో తెలిపే రాతపూర్వక ఆర్డరు తీసుకోవాలి. నంబరు, తేదీ, అధికారి సంతకం ఉండాలి.
• ఈ పద్దుకు నిధులు ఉన్నాయా, బిల్లు ఎవరి ద్వారా వెళుతుందో అడగాలి.
• సంఘం పేరిట పాన్, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోవాలి. జీఎస్టీ నమోదు లేనివారు బిల్లులో పన్ను వసూలు చేయకూడదు.

సరుకు ఇచ్చాక

చలానా రెండో ప్రతిపై "అందింది" అని తేదీతో సంతకం తీసుకోవాలి. తూకం తగ్గినా, మొక్కలు చనిపోయినా అప్పుడే రాయించాలి. బిల్లులో ఆర్డరు నంబరు వేసి, కార్యాలయంలో ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.

డబ్బు ఆలస్యమైతే

ముందుగా రసీదు నకలు జతచేసి, కార్యాలయ అధిపతికి లేఖ రాయాలి. స్పందన లేకపోతే, బిల్లు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. కేంద్ర కార్యాలయాలకు రుసుము రూ.10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పిండి మర, నూనె గానుగ, పసుపు పొడి తయారీ వంటి యూనిట్లు ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 2006 చట్టం ప్రకారం 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకం మొదలుపెట్టక ముందే ఈ నమోదు పూర్తి చేసుకోవడం మంచిది.

ముఖ్య సూచన: ఆర్డరు, అందిన చలానా, బిల్లు రసీదు. ఈ మూడు కాగితాలను ఒక ఫైలులో భద్రపరచండి. అధికారి బదిలీ అయినా, మీ డబ్బు అడిగే హక్కుకు ఆధారం ఇవే.