ఫిసల్‌బండ నుంచి రంగాపూర్ గుట్ట దాకా

మా రామగుండం జ్యోతినగర్‌కు రాత్రి పూర్తిగా రాదు. కరెంటు ప్లాంటు లైట్లు, అటువైపు ఓపెన్‌కాస్టు గనుల వెలుగు కలిసి ఆకాశం అంచు తెల్లారేదాకా పాలిపోయే ఉంటుంది. పిల్లలకోడి చుక్కల గుంపును కంటి నిండా చూడాలంటే గోదావరి దాటి జన్నారం అడవి దాకా పోవాలి. అందుకేనేమో, 125 ఏళ్ల నిజామియా అబ్జర్వేటరీ చరిత్ర నాకు చీకటిని వెతుక్కుంటూ సాగిన ప్రయాణంలా కనిపిస్తుంది.

1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపును తెప్పించి హైదరాబాదు ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టారు. తన తర్వాత దాన్ని సర్కారే నడపాలని కోరుకున్నారు. 1907లో ఆయన పోయారు. మరుసటి ఏడు సర్కారు దాన్ని చేతికి తీసుకుంది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్ కాలంలో వేధశాల ఊరి సందడికి దూరంగా ఉన్న బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

అక్కడ జరిగిన పెద్దపని గురించి మన బడిపుస్తకాలు చెప్పకపోవడం నాకు బాధ. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక రాయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో చేయలేకపోయిన పట్టీ హైదరాబాదుకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న భాగమది. ఫొటో తీసిన గాజుపలక మీద ఒక్కో చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి అడ్డం ఎంత, నిలువు ఎంత అని కొలిచి రాసుకోవాలి. డైరెక్టరు పొకాక్ తర్వాత 1918 నుంచి భాస్కరన్ ఈ పని నడిపించారు. తర్వాత ఉత్తరాకాశంలో మరో పట్టీ కూడా తీసుకున్నారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు! ఒక్కోదాని వెనుక ఒక మనిషి కన్ను, ఓపిక ఉన్నాయి.

ఇంతలో నగరం బేగంపేటను చుట్టేసింది. భాస్కరన్ తర్వాతి డైరెక్టరు అక్బర్ అలీ తలపెట్టిన 48 అంగుళాల టెలిస్కోపుకు మళ్లీ చీకటి కావలసి వచ్చింది. నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరాన, జాపాల, రంగాపూర్ ఊళ్ల మధ్య గుట్ట మీద 1968లో దాన్ని నిలిపారు. అభ్యంకర్ వంటి ఖగోళ శాస్త్రవేత్తలు అక్కడ జంట నక్షత్రాల వెలుగు హెచ్చుతగ్గులను ఏళ్ల తరబడి గమనించారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా ఆ గుట్ట మీదుగా పోయింది. జనం తలుపులు మూసుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం శాస్త్రవేత్తలు రెండు నిమిషాల చీకటి కోసం కాచుకున్నారు.

నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. హైదరాబాదులో చదువుకున్న ఆయనే తర్వాత తమిళనాడు జవ్వాది కొండల అడవిలో కావలూరు వేధశాలను నెలకొల్పారు. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే.

రంగాపూర్ వైపుకూ నగరపు వెలుగు పాకింది. మేం పంపే కరెంటు పల్లెపల్లెకూ చేరిందని ఇక్కడ మాకు గర్వమే, ఆ గర్వం న్యాయమైనదే. అయినా వీధిదీపానికి పైన మూత పెట్టి వెలుతురును నేలకు వంచితే దారికీ కొరత రాదు, చుక్కకూ రాదు.

మొన్న వేసవిలో పిల్లలను జన్నారం తీసుకెళ్లాను. అర్ధరాత్రి దాటాక టేకుచెట్ల పైన దక్షిణాన వృశ్చికం నిలబడింది. దాని తల దగ్గరి అనూరాధ చుక్కల్లో రెండు హైదరాబాదు కొలిచిన పట్టీలోనివేనని చూపించాను. మా చిన్నది వేలు చాచి వాటి మధ్య దూరం కొలవడం మొదలుపెట్టింది.