పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు మరో రాష్ట్రం: భద్రాచలం మన్యంలో సరిహద్దు దాటిన పెళ్లిళ్లు

భద్రాచలం పట్టణం తెలంగాణది. దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది. 2014లో పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు, భద్రాచలం మండలం మొత్తంలో పట్టణపు రెవెన్యూ గ్రామం ఒక్కటే ఇవతల మిగిలింది. రామయ్య గుడి ఇటు, గుడి మాన్యాలున్న పురుషోత్తపట్నం అటు. దేవుడి పొలానికే తప్పని సరిహద్దు కోడలి పుట్టింటికి తప్పుతుందా?

పరాయిచోట అత్తవారింట కుదురుకోవడం గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా డాలస్ చుట్టూ, మెల్‌బోర్న్ చుట్టూ తిరుగుతాయి. వీసా, చలి, భాష, అత్తగారి వంటిల్లు అక్కడి సమస్యలు. వీటిలో చలి ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ గోదావరి, శబరి నదుల మధ్య అడవిలోనూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి ఆంధ్రలోని చింతూరుకో, చింతూరు నుంచి తెలంగాణలోని దుమ్ముగూడానికో వచ్చిన కోయ కోడలిని అత్తిల్లు తనలో కలుపుకునే తీరు వేరు, ప్రభుత్వ దస్త్రం చూసే తీరు వేరు. ఇల్లు ఆమెకు చోటిస్తుంది, దానికి వెల కట్టించుకుంటుంది. దస్త్రమైతే ఏ వెలకూ చోటివ్వదు. ఈ వ్యాసం వాదన అదే.

ఈ సరిహద్దు 2014లో కొత్తగా పుట్టింది కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషు వారికి వదులుకున్నాడు. భద్రాచలం మొదట మధ్య పరగణాల ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారింది. ఎదుటిగట్టున పాల్వంచ సంస్థానం మాత్రం హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. అంటే బూర్గంపాడు వైపు నుంచి పడవెక్కి ఈ గట్టుకు కోడలిగా వచ్చిన పిల్ల మొగలాయి దాటి సర్కారులో అడుగుపెట్టినట్టే. అక్కడ హాలీ సిక్కా, ఇక్కడ కలదారు రూపాయి. ఓలి ఏ నాణెంలో ముట్టాలన్న బేరం కూడా ఆ రోజుల్లో నడిచే ఉండాలి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి అందులోకి వచ్చింది. 1955లో చింతూరుకు కాపురానికి వచ్చిన మనిషిని ఊహించండి. గుమ్మం మారలేదు, పొయ్యి మారలేదు. ఆమె జిల్లా మాత్రం తూర్పు గోదావరి, ఖమ్మం, మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు అయింది. కొందరు సరిహద్దు దాటి అత్తింటికి వస్తారు. ఈమె ఇంట్లో ఉండగానే సరిహద్దు ఆమె మీదుగా పోయింది.

ఇంటి సంగతికి వద్దాం. కోయల్లో పెళ్లిమాట మొదలైతే ముందు అడిగేది రాష్ట్రం కాదు, ఊరు కూడా కాదు, గట్టు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇలా సాగే ఈ విభాగాల్లో ఒకే గట్టు వారు అన్నదమ్ముల వరస. వారి మధ్య పెళ్లి కుదరదు. గట్టుకు వేల్పులుంటాయి, గట్టు కింద ఇంటిపేర్లుంటాయి. దుమ్ముగూడెంలో మకాం పెట్టిన మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే కోయల ఆచారాలను నమోదు చేశాడు. 1909లో థర్‌స్టన్ వెలువరించిన కులాలు, తెగల సంపుటాల్లో కోయల భాగం చాలామటుకు ఆయన మీద ఆధారపడిందే. మిషనరీ చూపులోని చులకనను పక్కనపెట్టి చదివితే, ఈ వరసల లెక్క ఎంత గట్టిదో అందులోనూ కనిపిస్తుంది. ఇక్కడి మడకం వారే సుక్మా వైపు మడ్కాం, ఇక్కడి కుంజా వారే అక్కడ కుంజాం. దోర్లాలుగా అక్కడ లెక్కకెక్కిన వారి మాట ఇక్కడి కోయకు దగ్గరిదే. అందుకే కుంట నుంచి వచ్చిన పిల్ల గడపలో కాలు పెట్టేసరికే, ఎవరు బావ, ఎవరు మరిది, ఎవరి ఎదుట పడకూడదు అన్నది తేలిపోయి ఉంటుంది. పెళ్లితో ఆమె భర్త గట్టులో చేరుతుంది, ఆ ఇంటి వేల్పు ఆమె వేల్పు అవుతుంది. విదేశానికి వెళ్లిన తెలుగు కోడలికి అత్తగారిని ఏమని పిలవాలో కొన్నేళ్లకు గానీ తేలదు. ఇక్కడ పిలుపు ముందే సిద్ధంగా ఉంటుంది.

తిండిలోనూ పెద్ద ఎడం లేదు. బస్తర్ వైపు గంజిని పెజ్ అంటారు, ఇక్కడ జావ, అంబలి. అక్కడి సల్ఫీ చెట్టే ఇక్కడి జీలుగు. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు ఏరే కాలాలు రెండువైపులా ఒకటే. తేడా తెలిసేది సంతలోనూ బడిలోనూ. అక్కడ హిందీలో చదివిన పిల్ల ఇక్కడ తన బిడ్డ తెలుగు వాచకం చేతబట్టుకుని కూర్చోవాలి.

ఇంత మాత్రాన అడవి ఇంటిని ఆదర్శ కుటుంబంగా చూపడం నాకు ఇష్టం లేదు. మన జానపద పరిశోధనలో ఆ జబ్బు ఇప్పటికే ముదిరింది. వరస ముందే సిద్ధంగా ఉండడమంటే, చాకిరీ కూడా ముందే సిద్ధంగా ఉండడం. నెలసరి రోజుల్లో విడిగా ఉండాల్సిన గుడిసె కోడలి కోసం కాచుకుని ఉంటుంది. భర్త పోతే ఆమె భర్త గట్టు మనిషిగా ఆగాలా, పుట్టింటికి పోవాలా అన్నది పెద్దలు తేల్చే వ్యవహారం. ఇల్లరికపు అల్లుడి స్థితి కాస్త మెరుగు, కానీ ఎక్కువ కాదు. మామ పొలంలో ఒళ్లు వంచినంత కాలం ఇంట్లో మనిషే, పంచాయితీలో మాత్రం వెనక వరస. రెడ్లు, కమ్మల్లో ఇల్లటం అల్లుడికి కొడుకుతో సమానమైన వాటాను మద్రాసు హైకోర్టు గుర్తించింది. కోయలకు హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం వర్తించదు కాబట్టి, వాటా సంగతి ఆచారానిదే. ఆచారం పెద్దల నోట్లో ఉంటుంది.

ఇక కాగితం సంగతి. నిజమైన విదేశీ జంట ఒకటి ఈ కొండల్లో మసలింది. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఇంగ్లండుకు చెందిన ఆయన భార్య బెట్టీ 1941లో పాపికొండల కొండరెడ్ల మధ్య పనిచేశారు. ఆ పరిశోధన 1945లో పుస్తకంగా వచ్చింది. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయనది జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం వచ్చేసరికి శత్రుదేశీయుడై, నిజాం రాజ్యం దాటి పోకుండా కట్టుబడాల్సి వచ్చింది. గూడెం రానిచ్చిన మనిషిని కాగితం అనుమానించింది.

ఆ కాగితం ఇప్పుడు కోడళ్ల దగ్గరికి ఎలా వస్తోందో చూడాలి. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి చిన్నతనంలో బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి తెగ హోదా మహారాష్ట్రలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి చేసుకుని వెళ్తే? 2018లో రంజనాకుమారి కేసు దానికీ జవాబిచ్చింది. పంజాబులో షెడ్యూల్డు కులానికి చెందిన ఆమె ఉత్తరాఖండ్ వ్యక్తిని పెళ్లాడి అక్కడికి మారింది. ఆ రాష్ట్రంలో రిజర్వేషను దక్కలేదు. అదే సూత్రం ఇక్కడికి తెస్తే, ఛత్తీస్‌గఢ్ జాబితాలోని కోయ పిల్ల గోదావరి జిల్లాల కోయ ఇంటి కోడలైనా, ఉద్యోగపు దరఖాస్తు దగ్గర పొరుగు రాష్ట్రపు మనిషే. ఎటపాక పిల్ల భద్రాచలం కోడలైతే తెగ ఒకటే, జాబితాలోని పేరు ఒకటే, అయినా చిక్కు ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ‘స్థానికత’ 1 నుంచి 7వ తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లు కాపురం చేసినా, ఏడో తరగతి లోపు కూర్చున్న బడే ఆమె ఊరు.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి కాన్పు కోసం చింతూరు నుంచీ కుంట నుంచీ వస్తారు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. తల్లి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చింది, తండ్రిది ఆంధ్ర గూడెం, బిడ్డ జననపత్రం తెలంగాణది. ముగ్గురూ ఒకే గుడిసెలో నిద్రపోతారు.

కాగితం అనుమానించడం ప్రతిసారీ తప్పేం కాదు. 1959 భూబదలాయింపు నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ, అంటే అందరూ 1/70 అనేది, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా అడ్డుపడింది. ఆ అడ్డు దాటడానికి గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున పొలాలు కొన్న మైదానపు అల్లుళ్లు ఉన్నారు. అక్కడ పెళ్లే బినామీ. ఆ ఇళ్లలో పట్టా ఆమెది, పంట డబ్బు ఆయనది. ఈ అల్లుళ్ల మీద చట్టం చూపిన అనుమానాన్ని నేను సమర్థిస్తాను. కానీ ఆ జల్లెడే కుంట కోడలినీ ఆపుతోంది.

ఆమె పేరు తప్పక ఎక్కాల్సిన కాగితం ఒకటుంది. 2006 అటవీహక్కుల చట్టం సెక్షన్ 4(4), పెళ్లయిన వారి విషయంలో హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలంటుంది. భార్య ఏ రాష్ట్రంలో పుట్టిందన్న షరతు అక్కడ లేదు. అదే చట్టం 2005 డిసెంబర్ 13ను గీటురాయిగా పెట్టింది. బస్తర్‌లో మావోయిస్టులకు ఎదురు నిలిపిన సాయుధ దళాల ఉద్యమం, సల్వాజుడుం, 2005 జూన్‌లో మొదలైంది. ఊళ్లు తగలబడి గోదావరి వైపు అడవుల్లోకి వచ్చిన గొత్తికోయలకు ఆ తేదీ ఆరునెలల గడువిచ్చింది. తెలంగాణ, ఆంధ్ర జాబితాల్లో వారు లేరు కాబట్టి, తెగ కాని అడవివాసులుగా 75 ఏళ్ల నివాసం చూపాలి. ఇక్కడి కోయ ఇంటికి కోడలిగా వెళ్లిన గొత్తికోయ స్త్రీ పేరు పోడు పట్టాలో భర్త పక్కన ఉండవచ్చు. ఆమెతో కలిసి అదే ఏడు అడవి దాటి వచ్చి, పక్క చెలకలోనే జొన్న విత్తే ఆమె తమ్ముడికి దరఖాస్తు చేసుకునే దారే లేదు.