789 పద్దు: ఎస్సీ సబ్‌ప్లాన్ డబ్బు ఎలా వస్తుంది, ఎటు పోతుంది

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు తిరగేస్తే దాదాపు ప్రతి శాఖ కిందా ‘789’ అనే అంకె కనబడుతుంది. అది ఎస్సీల వాటాగా చూపే ఖర్చుకు పెట్టిన పద్దు సంఖ్య. ఆదివాసీల వాటాకు అలాంటిదే ‘796’. అభివృద్ధి చెందుతున్న దేశాల సమస్యలంటే పేదరికం, నిరుద్యోగం, అప్పులు, మౌలిక వసతుల లేమి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మన దేశంలో వాటన్నిటికీ ముందు ఇంకో ప్రశ్న ఉంది. అభివృద్ధి పేరుతో ఖర్చయ్యే డబ్బు ఊరి దాకా వచ్చాక వాడ దాకా ఎందుకు రాదు? ఆ ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చిన జవాబే సబ్‌ప్లాన్. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చిల్లు పడిందో ఉద్యమకారులకూ విద్యార్థులకూ ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాం.

మొదట వచ్చింది ఆదివాసీ సబ్‌ప్లాన్, ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో. గిరిజనులు కొన్ని ప్రాంతాల్లో ఎక్కువగా ఉంటారు కాబట్టి ఆ ప్రాంతాలను ఎంచుకుని నిధులివ్వడం వీలైంది. దళితులు అలా ఒకచోట లేరు, ప్రతి ఊళ్లోనూ చివర ఉన్నారు. అందుకే ప్రాంతం లెక్కన కాకుండా, ప్రతి శాఖా తన ప్రణాళికా నిధుల్లో ఎస్సీ జనాభా దామాషా ప్రకారం వాటా తీసి పక్కన పెట్టాలన్న ఆలోచన వచ్చింది. 1970ల చివర్లో దాన్ని స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ అన్నారు. దీని రూపకల్పనలో కేంద్ర హోంశాఖలో పనిచేసిన ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ది ముఖ్యపాత్ర. ఆయనది మన ఆంధ్రప్రదేశ్ కేడరే. ఎస్.ఆర్. శంకరన్‌తో పాటు ఆయన పేరు కూడా మన విద్యార్థులకు తెలియాల్సినంతగా తెలియదు.

ఆలోచనలోని బలం ఒక్కటే. ఇది సంక్షేమ శాఖ ఇచ్చే సాయం కాదు, రోడ్లు, సాగునీరు, విద్య, పరిశ్రమలు, వైద్యం అన్నిటి నిధుల్లోనూ హక్కుగా రావాల్సిన భాగం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 16 శాతానికి పైనే. అయితే మూడు దశాబ్దాలకు పైగా ఈ వాటా ప్రణాళికా సంఘం మార్గదర్శకాల మీదే నడిచింది. మార్గదర్శకం పాటించకపోతే అడిగేవాడు లేడు. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఈ నిధుల నుంచి 700 కోట్లకు పైగా మళ్లించారని సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా బయటపడింది. మళ్లింపు తప్పేనని అప్పటి కేంద్ర హోంమంత్రి పి. చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

చట్టం కావాలన్న డిమాండు బలపడింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. దళిత, ఆదివాసీ సంఘాలు, వామపక్ష ప్రజాసంఘాలు, కాకి మాధవరావు వంటి మాజీ అధికారులు ఏళ్ల తరబడి లెక్కలు బయటపెట్టి ఒత్తిడి తెచ్చాక 2012 డిసెంబర్‌లో శాసనసభ బిల్లును ఆమోదించింది. 2013 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. అదే ఏడాది చివర్లో కర్ణాటక ఆ దారి పట్టింది. కేంద్రంలో మాత్రం 2013లో ముసాయిదా బయటికి వచ్చింది గానీ చట్టం ఇప్పటికీ లేదు.

ఇక చిల్లు సంగతి. చట్టం ఖర్చును కొన్ని రకాలుగా విడదీస్తుంది. ఎస్సీ వ్యక్తికో కుటుంబానికో నేరుగా చేరే పథకమైతే మొత్తం ఖర్చు సబ్‌ప్లాన్‌లో రాయవచ్చు. ఎస్సీలు 40 శాతానికి తగ్గకుండా ఉన్న ఆవాసంలో చేసిన పనికీ అంతే. అందరికీ వర్తించే పథకమైతే లబ్ధిదారుల్లో ఎస్సీలు ఎంతమందో అంత భాగం. చివరిది అసలు చిక్కు: విడదీయలేని మౌలిక వసతులు. పెద్ద రహదారి, ప్రాజెక్టు, ఫ్లైఓవర్ వంటి వాటిలో ప్రభుత్వం నిర్ణయించిన శాతాన్ని ఎస్సీల కోసం ఖర్చయినట్టు భావించవచ్చు. ఉదాహరణకు 100 కోట్ల ఫ్లైఓవర్ కట్టి అందులో 7 శాతం సబ్‌ప్లాన్‌కు రాశారనుకుందాం. వాడకు ఒక్క అడుగు సిమెంటు రోడ్డు పడకపోయినా పుస్తకంలో 7 కోట్లు దళితుల మీద ఖర్చయినట్టే. ఆ వంతెన కింద కూలి పనికి నిలబడిన వాళ్లు లబ్ధిదారులా అంటే పుస్తకం అవుననే అంటుంది.

కర్ణాటక చట్టంలో ఇలాంటి వెసులుబాటు 7(డి) సెక్షన్‌గా ఉండేది. దళిత సంఘాల ఆందోళనతో 2023లో దాన్ని తీసేశారు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం తన గ్యారంటీ పథకాలకు ఇదే నిధిని వాడుకోవడంతో వివాదం మళ్లీ మొదలైంది. ఒక తలుపు మూస్తే ఇంకో కిటికీ తెరుచుకుంటుందన్న మాట.

ఈ కిటికీ తెలుగు రాష్ట్రాల్లో ఇంకా పెద్దది. పింఛన్లు, అమ్మ ఒడి, రైతుబంధు వంటి పథకాలు అన్ని కులాలకూ వచ్చాయి. వాటిలో ఎస్సీ లబ్ధిదారులకు చేరిన మొత్తాన్ని ఎస్సీ వాటా కింద చూపారు. సాంకేతికంగా చట్టం దీన్ని అడ్డుకోదు. కానీ మా అభిప్రాయం స్పష్టం: పేదలందరికీ ఎలాగూ రావాల్సిన పింఛనును దళితుల ప్రత్యేక వాటాలో రాసుకుంటే, అంతరాన్ని పూడ్చేందుకు మిగిలేది ఏమీ ఉండదు. సబ్‌ప్లాన్ ఉద్దేశమే అంతరాన్ని పూడ్చడం. రైతుబంధు విషయంలో ఇది మరీ విడ్డూరం. ఎకరాల లెక్కన ఇచ్చే డబ్బు భూమి ఉన్నవాళ్లకే చేరుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీల చేతిలో ఉన్నది దాదాపు 12 శాతం కమతాలు, విస్తీర్ణంలో సుమారు 9 శాతం. భూమి లేనివాడి వాటా నుంచి భూమి ఉన్నవాడి పథకాన్ని నడపడం ఎక్కడి న్యాయం? భూమి కొని పంచడానికి ఇదే నిధి వాడవచ్చు. తెలంగాణ 2014లో మూడెకరాల పథకం ప్రకటించింది కూడా. కానీ అది చేరింది కొన్ని వేల కుటుంబాలకే.

మరో చిక్కు కేంద్రం నుంచి వచ్చింది. 2015లో ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయాల మధ్య గీత చెరిపేశారు. 2013 చట్టం వాటాను లెక్కించింది ప్రణాళికా వ్యయంలో. ఆ వ్యయమే లేకుండా పోతే 16 శాతం దేనిలో 16 శాతం? తెలంగాణ దీనికి జవాబుగా బడ్జెట్‌ను ప్రగతి పద్దు, నిర్వహణ పద్దు అని విడదీసి, 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. వాటాను ప్రగతి పద్దులో లెక్కిస్తారు. అంటే ఏ ఖర్చును ప్రగతిలో పెట్టాలి, దేన్ని నిర్వహణలోకి జరపాలి అన్న చోటే మన వాటా పెరగడమో తరగడమో జరుగుతుంది. శాసనసభలో దీనిమీద చర్చ జరిగిన సందర్భాలు తక్కువ.

తెలంగాణ చట్టంలో ఒక మంచి మార్పు ఉంది. మామూలుగా మార్చి 31 దాటితే ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. ఈ చట్టం ఆ లోటును మరుసటి ఏడాదిలో భర్తీ చేయమంటుంది. అయితే అందులో ఒక షరతుంది: మొత్తం బడ్జెట్టే అంచనాల కన్నా తక్కువగా ఖర్చయితే భర్తీ కూడా ఆ దామాషాలోనే. పెద్ద అంకెలతో బడ్జెట్ పెట్టి తక్కువ ఖర్చు చేయడం అలవాటుగా మారిన చోట ఈ షరతు చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టానికి పదేళ్ల గడువే ఉండేది. అది తీరబోతుండగా 2023 జనవరిలో ఆర్డినెన్స్ తెచ్చి మరో పదేళ్లు పొడిగించారు.

ఎస్సీల లోపలి న్యాయం కూడా మాట్లాడుకోవాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచాక, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ మూడు గ్రూపులుగా వర్గీకరణ అమల్లోకి తెచ్చింది. అది విద్య, ఉద్యోగాల రిజర్వేషన్లకు సంబంధించింది. 789 పద్దులో మాత్రం మాదిగలకు ఎంత, మాలలకు ఎంత, ఎవరి లెక్కల్లోనూ కనబడని చిన్న కులాలకు ఎంత అన్న వివరం ఉండదు. ఉద్యోగాల్లో ఉపకులాల లెక్క అడిగిన మనమే బడ్జెట్‌లోనూ అడగాలి.

చదవాలనుకునేవారికి పద్ధతి కష్టమేమీ కాదు. కేంద్ర బడ్జెట్‌లో ఎస్సీల కేటాయింపులు 10ఏ నివేదికలో, ఎస్టీలవి 10బీలో ఉంటాయి. రాష్ట్రానిదైతే శాఖల వారీ పద్దుల్లో 789 వెతకాలి. ఒక్క శాఖతో మొదలుపెట్టండి, రోడ్లు భవనాలైతే బాగుంటుంది. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అనే మూడు అంకెలనూ పక్కపక్కన రాసుకోవాలి. పత్రికల్లో వచ్చేది మొదటిదే. మూడోది రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో గానీ దొరకదు, అప్పటికి ఆ వార్త పాతబడిపోయి ఉంటుంది. ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎస్సీలకు ఎంత ఖర్చు చేశారు’ అని అడగొద్దు, మొత్తం అంకె ఒకటి రాసి పంపిస్తారు. ఫలానా ఏడాది 789 కింద మా మండలంలో చేసిన పనుల పేర్లు, ఆవాసాల పేర్లు, ఆ ఆవాసంలో ఎస్సీ జనాభా శాతం ఇవ్వమని అడగండి.