మధ్యలో బ్యాగు ఎందుకు దించుకోవాలి? కలంకారీ గుడ్డ నుంచి క్రూజ్ ఓడ దాకా

శ్రీకాళహస్తి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

మీరు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారనుకోండి. అమ్మానాన్నలని ఒకసారి క్రూజ్ ఎక్కించాలని మయామీలో టికెట్లు తీశారు. వాళ్లు ఎప్పుడూ దేశం దాటినవాళ్లు కాదు. ఇక్కడి నుంచి చెన్నైకి కారు. చెన్నై నుంచి దోహా, దోహా నుంచి న్యూయార్క్, అక్కడి నుంచి మయామీ, ఆ తర్వాత ఓడ. చెన్నై కౌంటర్లో బ్యాగులకి ట్యాగ్ వేశారు. దాని మీద చివరి ఊరు మయామీ అనే ఉంది. "ఇంకేం, బ్యాగులు నేరుగా మయామీకే వస్తాయి" అని నాన్న నిశ్చింతగా కూర్చున్నాడు. వస్తాయా?

రావు. దోహాలో వాళ్లు బ్యాగు ముట్టుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో మాత్రం బెల్టు దగ్గరికి వెళ్లి, తమ బ్యాగులు తామే దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ విమానం వాళ్లకి అప్పజెప్పాలి. ఆ సంగతి తెలియక నేరుగా తర్వాతి విమానం ఎక్కేస్తే బ్యాగులు న్యూయార్క్‌లోనే ఉండిపోతాయి. విమానం పోతే ఇంకో విమానం ఉంటుంది. ఓడ అట్లా కాదు. సాయంత్రం బయలుదేరిందంటే, మందులు, బట్టలు ఉన్న బ్యాగు వెనకాల ఈదుకుంటూ రాదు కదా!

అదే టికెట్, అదే ట్యాగ్. దోహాలో ఒక రూలు, న్యూయార్క్‌లో ఇంకో రూలు. ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు ఎయిర్‌పోర్టులో లేదు, చరిత్రలో ఉంది. ఆ చరిత్రలో మన గుడ్డ ఉంది, మన రైలు ఉంది, మన మనుషులూ ఉన్నారు.

ముందు గుడ్డ సంగతి చూద్దాం.

మా ఊరి కలంకారీ మీకు తెలిసిందే. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. వెదురు కలంతో గీస్తారు. పటిక పెడతారు, రంగు ఎక్కిస్తారు, పారే నీళ్లలో ఉతుకుతారు. స్వర్ణముఖి ఒడ్డున జరిగే ఈ పని లాంటిదే కోరమాండల్ తీరమంతా జరిగేది. ఎంత ఉతికినా వెలవని రంగు. పదిహేడో శతాబ్దంలో యూరప్ వాళ్లకి ఈ రంగు గుడ్డంటే పిచ్చి పట్టింది. ఆడవాళ్ల గౌన్లు, మంచాల చుట్టూ పరదాలు, గోడలకి తెరలు, అన్నిటికీ ఇదే కావాలి. దాంతో అక్కడి నేతవాళ్ల కడుపు కాలింది. ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లాండ్ 1701 నుంచి ఈ గుడ్డని తమ దేశంలో వాడకానికి దిగుమతి చేసుకోకుండా ఆపేసింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. ఇంగ్లాండ్ ఈ గుడ్డని పూర్తిగా రావద్దని అనలేదు. "మా దేశంలో అమ్మకూడదు. వేరే దేశానికి పంపేటట్టయితే మాత్రం తెచ్చుకోండి. ఓడ నుంచి దించి, తాళం వేసిన గోదాములో పెట్టండి, మళ్ళీ ఓడ ఎక్కించండి" అన్నారు. అంటే ఒకే మూట. లోపలికి వచ్చేదైతే నేరం, దాటిపోయేదైతే వ్యాపారం. కస్టమ్స్ వాళ్లు అడిగే అసలు ప్రశ్న అప్పటికీ ఇప్పటికీ ఇదొక్కటే: ఈ సరుకు వస్తోందా, పోతోందా?

1721లో ఇంకో చట్టం వచ్చింది. రంగు అద్దిన నూలుగుడ్డ కట్టుకోవడమూ, ఇంట్లో పరదాలుగా వాడటమూ కూడా కుదరదన్నారు. దీని దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. డేవిడ్ గారిక్ అని లండన్‌లో ఆ కాలపు పెద్ద నాటక నటుడు. మన భాషలో సూపర్‌స్టార్ అనుకోండి. కలకత్తాలో ఉన్న అభిమానులు ఆయన భార్యకి మంచం పరదాలు బహుమతిగా పంపించారు. మన కోరమాండల్ తీరపు గుడ్డే. 1775లో దాన్ని కస్టమ్స్ వాళ్లు పట్టేశారు. "బహుమతండీ, అమ్మకానికి కాదు" అంటే ఊరుకునే చట్టం కాదది. ఆ పెద్దమనిషి అధికారులకి ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. ఆ పరదాలు ఇవ్వాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

కాబట్టి "నేను అమ్మడానికి తీసుకెళ్లట్లేదు కదా, నాకెందుకు కస్టమ్స్?" అని అడిగే ప్రతి ఒక్కరికీ ఈ 250 ఏళ్ల నాటి పరదాలే జవాబు. సుంకం అడిగేది మీ ఉద్దేశాన్ని కాదు, మీ మూటని.

ఇప్పుడు మనుషుల సంగతి. ఇది కొంచెం బరువైన భాగం.

1860లో మద్రాసుకి ఇప్పటిలాంటి హార్బరు లేదు. ఓడ దూరంగా సముద్రంలో ఆగేది. ఒడ్డు నుంచి మసూలా పడవలో పోవాలి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన పడవ అది. అలలు కొట్టినప్పుడు విరగకుండా వంగుతుంది. మనిషి, పెట్టె, మూట అన్నీ తడుస్తాయి. ఆ ఏడాది అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో పనికి ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాళ్లు. మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు జీతం. తెలుగువాళ్లు, తమిళులు కలిసి వెళ్లారు. ఆ తర్వాత యాభై ఏళ్లలో నేటాల్‌కి మొత్తం సుమారు 1,52,000 మంది వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు మీదుగానే. ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి, అంటే అప్పట్లో మన చిత్తూరు, కాళహస్తి ప్రాంతాలు ఉన్న జిల్లా నుంచి కూడా చాలామంది ఉన్నారు.

ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఏముంటుందో తెలుసా? పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీద పుట్టుమచ్చలు. అన్నిటికంటే ముందు ఒక నంబరు. ఇవ్వాళ మన బ్యాగుకి నంబరు వేస్తారు. అప్పుడు మనిషికే వేశారు. తోటలో, కోర్టులో, పాస్ కాగితంలో ఆ మనిషి ఆ నంబరే. ఓడవాళ్ల లెక్కలో వాళ్లు ప్రయాణికులు కారు, సరుకు.

కానీ ఆ సరుకు నోరు తెరిచింది. 1871లో ఒప్పందం ముగించుకుని మొదటి బ్యాచ్ మద్రాసులో దిగింది. రేవులో దిగినవాళ్లు తమకి జరిగిన అన్యాయం అధికారులకి చెప్పుకున్నారు: కొట్టారు, జీతాలు కోశారు అని. ఆ మాటలు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయాయి. నేటాల్‌లో 1872లో విచారణ కమిషన్ వేశారు. అప్పటికే ఆగి ఉన్న వలసని 1874 దాకా మళ్ళీ తెరవలేదు. పెట్టెలో ఏం తెచ్చారో గానీ, రేవులో వాళ్లు డిక్లేర్ చేసింది మాత్రం ఆ నిజాన్ని. చివరి ఓడ 1911 జూలైలో వెళ్లింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా అదే ఏడు ఏప్రిల్ 1నే.

ఇంక రైలు దగ్గరికి వద్దాం. మీరు "కనెక్టింగ్ ఫ్లైట్" అంటున్నారే, మా ఊరివాళ్లకి ఆ బాధ పాతదే. పాత రోజుల్లో కాళహస్తి మీదుగా పోయేది మీటర్ గేజ్ లైను. మద్రాసు నుంచి బొంబాయి వైపు పోయేది బ్రాడ్ గేజ్. రెండూ కలిసేది రేణిగుంటలో. పట్టాల వెడల్పు వేరు కాబట్టి పెట్టె దించాలి, కూలీ నెత్తికి ఎత్తాలి, ఇంకో ప్లాట్‌ఫారానికి పోవాలి. ఇవ్వాళ మన విమానాశ్రయం ఉన్నదీ ఆ రేణిగుంట దగ్గరే.

దీనికంటే పెద్ద కనెక్షన్ ఇంకొకటి ఉండేది. బోట్ మెయిల్. 1914లో పాంబన్ వంతెన తెరిచారు. అప్పటి నుంచి మద్రాసులో రైలెక్కితే ధనుష్కోటి రేవు దాకా పోవచ్చు. అక్కడ స్టీమర్ ఎక్కి, సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటి తలైమన్నార్‌లో దిగితే, కొలంబో రైలు సిద్ధంగా ఉండేది. రైలు, ఓడ, రైలు. మద్రాసు నుంచి కొలంబోకి ఒకే టికెట్ కొనుక్కోవచ్చు. ఇప్పటి "ఫ్లై అండ్ క్రూజ్" ప్యాకేజీకి తాత లాంటిది.

టికెట్ ఒకటే అయినా మధ్యలో కస్టమ్స్ ఆగింది కాదు. ధనుష్కోటిలో రైల్వే స్టేషన్, పోస్టాఫీసుతో పాటు కస్టమ్స్ ఆఫీసు కూడా ఉండేది. పెట్టెలు తెరిచి చూపించాల్సిందే. ఇందులోనూ మనిషికో లెక్క. డబ్బున్న ప్రయాణికుడు పెట్టె చూపించి స్టీమర్ ఎక్కేవాడు. టీ తోటలకి పోయే కూలీలని మాత్రం మండపం క్యాంపులో దించి, రోగాల భయంతో కొన్ని రోజులు ఆపి, అప్పుడు పంపేవాళ్లు. అదే సముద్రం, అదే స్టీమర్.

అదే దారుల్లో డబ్బూ తిరిగింది. సిలోన్, బర్మా, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లలో దేవకోట్టై కుటుంబం వాళ్లు 1912లో మన కాళహస్తీశ్వరుడి గుడిని పునరుద్ధరించారు. కాబట్టి ఓడ, రేవు, సుంకం అనేవి సముద్రం పక్కన ఉండేవాళ్ల గొడవ మాత్రమే కాదు. 1964 డిసెంబరులో తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టేసింది. దాంతో ఆ రైలు-ఓడ కనెక్షన్ ముగిసింది.

సరే, ఇన్ని కథల తర్వాత నాన్న బ్యాగు దగ్గరికి తిరిగి వద్దాం.

ట్యాగ్ అనేది మీకూ విమాన సంస్థకీ మధ్య ఒప్పందం. 1929 వార్సా ఒప్పందం, ఆ తర్వాత 1999 మాంట్రియల్ ఒప్పందం దాని గురించే: బ్యాగు పోతే, పాడైతే, ఆలస్యమైతే కంపెనీ బాధ్యత ఎంత అని. పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కస్టమ్స్ అనేది మీకూ ఆ దేశానికీ మధ్య లెక్క. దాన్ని ఏ ట్యాగూ ఆపలేదు. మన దేశంలో 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం పోయి 1962 కస్టమ్స్ చట్టం వచ్చింది. అందులో 77వ సెక్షన్ ప్రకారం బ్యాగులో ఏముందో ప్రయాణికుడే చెప్పాలి. 80వ సెక్షన్ ఇంకా బాగుంటుంది. సుంకం కట్టాల్సిన వస్తువు ఉందని మీరే నిజం చెబితే, దాన్ని కస్టమ్స్ దగ్గరే ఉంచి, దేశం వదిలి వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే వీలుంది. 1701 నాటి తాళం వేసిన గోదామే మళ్ళీ!

ఇప్పుడు ఆ ప్రశ్న మీరే వేసుకోండి: వస్తోందా, పోతోందా? దోహాలో బ్యాగు పోతోంది, అందుకే ముట్టుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో బ్యాగు అమెరికాలోకి వస్తోంది, అందుకే దించాలి. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో దిగి తిరుపతి విమానం ఎక్కేటప్పుడు కూడా మామూలుగా హైదరాబాద్‌లోనే దించుకోవాలి. బార్సిలోనాలో ఓడ ఎక్కడానికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతుంటే కథ మారుతుంది. సుంకం విషయంలో యూరోపియన్ యూనియన్ అంతా ఒకే ఇల్లు. పాస్‌పోర్టు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూస్తారు, చెకిన్ చేసిన బ్యాగుకి కస్టమ్స్ బార్సిలోనాలో ఉంటుంది. ఇవన్నీ ఒకే టికెట్ మీద ఉన్నప్పటి మాట. టికెట్లు వేరువేరుగా కొంటే, బ్యాగు ఎక్కడిదాకా ట్యాగ్ చేశారో కౌంటర్లో అడిగే తీరాలి.

ఓడ దగ్గర ఇంకోటి. విమానం ట్యాగ్ ఓడకి పనికిరాదు. ఓడ కంపెనీ ఇచ్చే ట్యాగ్ వేరే కట్టాలి. రేవులో ఇచ్చిన పెద్ద బ్యాగు మీ గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. చివరి రోజు ఓడ దిగేటప్పుడు మళ్ళీ కస్టమ్స్ ఉంటుంది, ఎందుకంటే మధ్యలో వేరే దేశాలు తిరిగి వచ్చారు. ఇవన్నీ దూరపు సంగతులు అనుకోవద్దు. 2023 జూన్ 5న ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ మన చెన్నై రేవు నుంచే శ్రీలంకకి బయలుదేరింది. ట్రూరో బయలుదేరిన తీరమే అది.

అమ్మ ఊరగాయ, పొడులు పెడుతుంది. పెట్టనివ్వండి. ఫారంలో ఆహారం ఉందా అని అడిగితే "ఉంది" అని రాయమనండి. తీసేస్తే ఒక సీసా పోతుంది. దాచి దొరికితే జరిమానా పడుతుంది, ప్రయాణం ఆగుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. అమ్మానాన్నలకి ఇంగ్లీషు రాకపోతే, ఏ ఊళ్లో బ్యాగు దించాలో తెలుగులో, ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితం అయిపోదు. ఓడ బయలుదేరే రోజే దిగేటట్టు విమానం టికెట్ తీయకండి. ఒక రోజు ముందు చేర్చండి.

ఒకప్పుడు ఇదే తీరం నుంచి వెళ్లినవాళ్లకి మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. మన పెద్దవాళ్లని పంపేటప్పుడు మనం ముందే చెప్పి పంపుదాం.

మీ ఇంట్లో రంగూన్‌కో, సిలోన్‌కో, నేటాల్‌కో, గల్ఫ్‌కో వెళ్లొచ్చినవాళ్లు ఉంటే, మొదటిసారి వెళ్లేటప్పుడు పెట్టెలో ఏం పెట్టుకున్నారని అడగండి. అది రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుకుందాం.