ప్రతిభకు తూనికరాయి

కొన్నేళ్ళ క్రితం నా విద్యార్థి ఒకడు, చేనేత కార్మికుని కొడుకు, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో రాంకు రాక నా దగ్గరికి వచ్చి, “నాకు బుర్ర లేదు మాష్టారూ” అన్నాడు. ఆనాడు నేను వాణ్ణి ఓదార్చానే గాని, ఆ మాట తప్పని చెప్పలేకపోయాను. పరీక్ష కులం అడగదు, తండ్రి ఆస్తి అడగదు, కాబట్టి అంతకన్న న్యాయమైన తూనిక లేదని నేనూ నమ్మి వున్నాను. ఆ నమ్మకాన్ని కదిలించింది అమెరికాలోని శాట్ పరీక్ష చరిత్ర.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. రాబర్ట్ యెర్క్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుని ఆధ్వర్యాన సుమారు 17 లక్షల మంది సైనికులకు బుద్ధిపరీక్షలు జరిగాయి. ఇంగ్లీషు చదవలేనివారికి బొమ్మలిచ్చి, వాటిలో లోపించినదాన్ని గీయమన్నారు. ఒక బొమ్మలో టెన్నిస్ ఆటస్థలం వున్నది, వల లేదు. ఇటలీ నుంచో, రష్యా నుంచో పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలివాడు టెన్నిస్ ఎక్కడ చూశాడు? చూడనిది గీయలేకపోతే బుద్ధి తక్కువని లెక్కకట్టారు.

ఆ లెక్కల ఆధారంగానే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక గ్రంథం రాసి, ఉత్తర ఐరోపా జాతివారే బుద్ధిలో అధికులని తేల్చాడు. 1926 జూన్ 23న సుమారు 8,000 మంది రాసిన మొదటి శాట్‌ను రూపొందించింది యీయన నాయకత్వంలోని సంఘమే. 1930లో బ్రిగమ్ తన జాతి నిర్ణయాలకు పునాది లేదని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పరీక్ష మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? దీన్ని బూర్జువా కుట్ర అని తోసివేయటం తేలిక. కాని తూర్పుతీరపు సంపన్నుల బడులకు వెలుపల వున్న తెలివైన పిల్లలకు ఉపకారవేతనాలు ఇవ్వటానికే హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1930లలో యీ పరీక్షను చేపట్టాడు. వంశానికి బదులు ప్రతిభ అనటం ముందడుగే. అయితే ఆ ప్రతిభ పుట్టుకతో వచ్చేదనీ, శిక్షణతో పెరగదనీ నిర్వాహకులు వాదించారు. 1940లలోనే బ్రూక్లిన్‌లో స్టాన్లీ కాప్లన్ శాట్‌కు ట్యూషన్లు మొదలుపెట్టాడు. పుట్టుకతో వచ్చేదన్న శక్తి బజారులో సరుకయింది. చివరకు 1990లలో పరీక్ష పేరులోంచి “ఆప్టిట్యూడ్” అన్న మాటనే తీసేశారు.

మరి పరీక్షను రద్దుచేస్తే న్యాయం జరుగుతుందా? 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని తొలగించాలని తీర్మానించింది. డార్ట్‌మత్ కళాశాల 2024లో తిరిగి తెచ్చుకున్నది. మార్కులు పంపకపోవటం వల్ల పేద పిల్లల్లోని సమర్థులు కంటికి ఆనటం లేదని దాని వాదన. 2023లో వెలువడిన ఒక పరిశోధన ఇంకొక సంగతి చూపింది. మార్కులు సమానంగా వున్నా, పేరుమోసిన 12 విద్యాసంస్థల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకన్న అగ్రశ్రేణి 1 శాతం ధనికుల పిల్లలకు రెట్టింపుకు మించి వున్నది. పూర్వవిద్యార్థుల సంతానమన్న మొగ్గు, క్రీడాకారుల ఎంపిక, ప్రైవేటు బడుల సిఫారసులు అందుకు మార్గాలు. ఒక తలుపు మూస్తే సంపద మరో తలుపున వస్తుంది.

కాబట్టి మార్కు అబద్ధమని నేననను. అది ఒక సాక్షి. పిల్లవాడికి అందిన బడిని గురించి, పుస్తకాలను గురించి, తీరికను గురించి అది సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని పుట్టుకమీద తీర్పుగా చదవటమే నేరం. ఆ నేరంలో ఉపాధ్యాయులమైన మనకూ భాగం వున్నది.

ఆ కుర్రవాడు మళ్ళీ ఎదురైతే వల లేని టెన్నిస్ బొమ్మ సంగతి మొదట చెబుతాను.