సైనిక నమూనా: ఆధారాల పరిశీలన

తిరుమలగిరి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో భాగం. మొదటి ప్రపంచ యుద్ధంలో సికింద్రాబాద్ పేరుగల అశ్వికదళ బ్రిగేడ్ ఫ్రాన్స్‌లో పోరాడింది. అందులోని 20వ దక్కన్ హార్స్ 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ వద్ద దాడికి దిగింది. ఆ దళంలోని ఒక రౌతును 1:35 నిష్పత్తిలో నమూనాగా తయారుచేయాలనుకున్నారనుకోండి. ఏ ఆధారాన్ని నమ్ముతారు?

దాడికి ముందు కార్నాయ్ లోయలో వేచి ఉన్న ఆ దళం ఛాయాచిత్రం ప్రాథమిక ఆధారం. తలపాగా, బల్లెం ఎలా ఉండేవో అది చూపుతుంది. నలుపు తెలుపు చిత్రం కాబట్టి రంగు మాత్రం తెలియదు. కవాతు దుస్తుల వర్ణచిత్రంలో రంగు తెలుస్తుంది, కాని యుద్ధరంగంలో రౌతు ధరించింది ఖాకీ. కొలతలనూ లెక్కించాలి. సుమారు 9 అడుగుల, అంటే 274 సెం.మీ. బల్లెం నమూనాలో 7.8 సెం.మీ. అవుతుంది.

దళాల పేర్లు మారుతాయని గమనించండి. హైదరాబాద్ కంటింజెంట్‌కు చెందిన ఈ దళానికి 20వ సంఖ్య 1903లో వచ్చింది. 1921లో దీన్ని 29వ దళంతో విలీనం చేశారు. కాబట్టి ఏ కాలపు పత్రాలను ఆ కాలపు పేరుతోనే వెతకాలి.

సామాన్య సైనికుడు తన గురించి తాను రాసుకున్నది అరుదు. అతని దుస్తులను, ఆయుధాన్ని తప్పుగా చూపితే సరిదిద్దడానికి అతను లేడు. అందుకే ప్రతి వివరం పక్కన దాని ఆధారాన్ని రాసుకోండి. ఆధారం దొరకనిదాన్ని ఊహ అని గుర్తుపెట్టండి.